47వ క్రోమోజోమ్ ఎక్కడి నుంచి వచ్చింది?

(కణ విభజనలో జరిగే పొరపాట్లు, వాటి వల్ల వచ్చే క్రోమోజోమ్ లోపాల గురించి ల్యాబ్ టెక్నీషియన్లు, నర్సులు, జీవశాస్త్ర ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఉన్న సభలో చేసిన ప్రసంగం. చివర్లో సభికుల ప్రశ్నలు కొన్ని.)

అందరికీ నమస్కారం.

డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డ పుట్టిన ఇంట్లో మొదట వినిపించే మాటలు మీకు తెలిసినవే. మేనరికం చేసుకున్నారు కాబట్టే ఇలా అయిందంటారు. కడుపుతో ఉన్నప్పుడు ఏదో మందు మింగిందంటారు. గ్రహణం పూట బయటికొచ్చిందంటారు. ఎవరు ఏ మాటతో మొదలుపెట్టినా నింద చివరికి తల్లి మీదే పడుతుంది. ఇందులో ఒక్కటీ నిజం కాదు. అసలు కారణం కణం లోపల, విభజనలో ఏదో ఒక మెట్టు దగ్గర ఉంటుంది. ఆ మెట్టు ఏదో ఈరోజు చూద్దాం.

ఇంకొక మాట ముందే చెప్తాను. బిడ్డ ముఖం చూసి "డౌన్ సిండ్రోమ్" అని చెప్పి పంపేస్తే పని సగమే అయినట్టు. ఆ బిడ్డకు క్యారియోటైప్, అంటే కణంలోని క్రోమోజోములను లెక్కపెట్టి చూసే పరీక్ష, చేయించి, రిపోర్టులో ఏం రాశారో చూడాలి. అది చూడకుండా "తర్వాతి కాన్పులో మళ్ళీ ఇలాగే అవుతుందా?" అని అడిగిన తల్లికి ఎవరూ సరైన జవాబు ఇవ్వలేరు.

మనిషి కణంలో 46 క్రోమోజోములు ఉంటాయని బడిలోనే చెప్తాం. ఈ లెక్క తేలడానికి 1956 దాకా పట్టింది. అంతకు ముందు మూడు దశాబ్దాల పాటు 48 అనే నమ్మారు. కణంలో అవి ఒకదాని మీద ఒకటి పడి చిక్కుగా కనిపించేవి, అందుకే లెక్క తప్పేది. ఉప్పు తక్కువ ఉన్న ద్రావణంలో పెడితే కణం ఉబ్బి క్రోమోజోములు విడివిడిగా పరుచుకుంటాయని 1950ల మొదట్లో తెలిసింది. దాన్ని వాడుకుని స్వీడన్‌లోని లండ్‌లో టియో, లెవాన్ 46 అని తేల్చారు. తర్వాత మూడేళ్ళకే, 1959లో, పారిస్‌లో లెజూన్, గోతియే, తుర్పిన్ డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో 47 చూపించారు. ఆ ల్యాబ్‌లో కణాలు పెంచే పద్ధతిని నిలబెట్టింది మార్త్ గోతియే. ఆమెకు దక్కాల్సిన పేరు చాలా ఆలస్యంగా దక్కింది. అదే ఏడాది మగవాళ్ళలో కనిపించే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్‌లో ఎక్స్‌ఎక్స్‌వై, ఆడవాళ్ళలో కనిపించే టర్నర్ సిండ్రోమ్‌లో ఒకే ఎక్స్ ఉన్నాయని బ్రిటన్‌లో తేలింది. లెక్క సరిగ్గా తెలిశాకే లెక్క తప్పడమూ కనిపించింది.

ఇక విభజనలోకి వద్దాం. (తెర మీద బొమ్మ చూపిస్తూ)

మామూలు శరీర కణం రెండు కావాలంటే ముందు ప్రతి క్రోమోజోమ్‌కీ నకలు తయారవుతుంది. అసలు, నకలు రెండూ అంటుకునే ఉంటాయి. ఈ రెండింటినీ సోదర క్రోమాటిడ్లు అంటాం. వీటిని పట్టి ఉంచేది కోహెసిన్ అనే ప్రోటీన్. దాని ఆకారమే ఉంగరం, రెండు క్రోమాటిడ్లనూ చుట్టుకుని ఉంటుంది. క్రోమోజోమ్ నడుము దగ్గర, అంటే సెంట్రోమియర్ దగ్గర, ప్రతి క్రోమాటిడ్ మీదా కైనెటోకోర్ అనే కట్టడం లేస్తుంది. కణం రెండు ధ్రువాల నుంచీ వచ్చే కండె (స్పిండిల్) పోగులు దీన్నే పట్టుకుంటాయి. ఒక సోదరిని ఇటు ధ్రువం పోగులు, రెండో సోదరిని అటు ధ్రువం పోగులు పట్టుకోవాలి. తాడు లాగే పోటీలో రెండు వైపులా లాగితేనే తాడు బిగుసుకున్నట్టు, ఇక్కడా రెండు వైపుల లాగుడు ఉంటేనే బిగువు వస్తుంది. ఆ బిగువుంటే పట్టు నిలుస్తుంది. బిగువు లేని పట్టును అరోరా-బి అనే ఎంజైము విడగొట్టి, మళ్ళీ పట్టుకునే అవకాశం ఇస్తుంది.

పోగు అందని కైనెటోకోర్ ఒక్కటి మిగిలినా కణం ఆగాలి. అలా ఆపే కాపలా ఏర్పాటునే స్పిండిల్ చెక్‌పాయింట్ అంటాం. పట్టు పడని కైనెటోకోర్ మీద మ్యాడ్-2 లాంటి ప్రోటీన్లు చేరి "ఇంకా కాలేదు" అనే సంకేతం పంపుతూనే ఉంటాయి. అన్నీ పట్టుబడ్డాక ఆ సంకేతం ఆగుతుంది. అప్పుడు సెపరేజ్ అనే ఎంజైము విడుదలై కోహెసిన్ ఉంగరాలను తెంచుతుంది. సోదర క్రోమాటిడ్లు చెరో వైపు వెళ్తాయి.

ఈ కాపలాకు ఒక గుడ్డి మూల ఉంది. ఒకే కైనెటోకోర్‌ను రెండు ధ్రువాల పోగులూ పట్టుకున్నాయనుకోండి. దీన్ని మెరోటెలిక్ పట్టు అంటారు. కైనెటోకోర్ ఖాళీగా లేదు, బిగువూ ఉంది, కాబట్టి చెక్‌పాయింట్‌కు లోపం కనపడదు, విభజన సాగిపోతుంది. ఆ క్రోమాటిడ్‌ను రెండు వైపులా లాగడంతో అది మధ్యలోనే వెనకబడుతుంది. కొన్నిసార్లు ఆలస్యంగానైనా సరైన వైపు చేరుతుంది. కొన్నిసార్లు తప్పు వైపు చేరుతుంది. కొన్నిసార్లు ఏ కేంద్రకంలోనూ కలవకుండా విడిగా చిన్న గుళికలా మిగిలి, అందులో డీఎన్‌ఏ ముక్కలవుతుంది. కేన్సర్ కణాల్లో క్రోమోజోముల సంఖ్య అస్తవ్యస్తం కావడానికి ఇదొక ముఖ్యమైన దారి. కేన్సర్ సంగతి వేరే సభకు వదిలేస్తాను.

పుట్టుకతో వచ్చే లోపాలకు అండం, శుక్రకణం తయారయ్యే విభజనే చూడాలి. దాన్ని క్షయకరణ విభజన, మియోసిస్ అంటాం. నకలు ఒక్కసారే, విభజనలు మాత్రం రెండు. డౌన్ సిండ్రోమ్‌లో అదనంగా ఉండే 21వ క్రోమోజోమ్‌నే తీసుకోండి. మొదటి విభజనలో తల్లి నుంచి వచ్చిన 21వ క్రోమోజోమ్, తండ్రి నుంచి వచ్చిన 21వ క్రోమోజోమ్ జతకట్టి, ముక్కలు మార్చుకుని, ఆ తర్వాత విడిపోతాయి. రెండో విభజనలో సోదర క్రోమాటిడ్లు విడిపోతాయి. 46 ఉన్న కణం నుంచి 23 ఉన్న కణాలు వస్తాయి.

ముక్కలు మార్చుకోవడాన్ని వినిమయం అంటాం. సంతానంలో వైవిధ్యం కోసమే ఇది ఉందని పాఠాల్లో చెప్పి ఆపేస్తాం. ఉపాధ్యాయులు ఇక్కడ ఇంకొక వాక్యం కలపాలి: జత విడిపోకుండా పట్టి ఉంచేది కూడా ఈ వినిమయమే. వినిమయం జరిగిన చోటుకు అవతల ఉన్న కోహెసిన్ ఉంగరాలే ఆ రెండు క్రోమోజోములనూ మొదటి విభజన దాకా కలిపి నిలబెడతాయి. వినిమయం అసలే జరగకపోతే రెండూ విడివిడిగా తిరిగి, రెండూ ఒకే వైపు పోవచ్చు. మరీ కొస దగ్గర జరిగితే పట్టి ఉంచే ఉంగరాలు తక్కువై పట్టు జారుతుంది. సెంట్రోమియర్‌కు మరీ దగ్గర జరిగినా ఇబ్బందే. 21వ క్రోమోజోమ్ చాలా చిన్నది, దాని మీద సాధారణంగా ఒకటో రెండో వినిమయాలే జరుగుతాయి. ఆ ఒక్కటీ తప్పితే ఆసరా ఉండదు.

జత విడిపోకుండా ఒకే వైపు పోవడాన్ని నాన్‌డిస్‌జంక్షన్ అంటాం. 1916లోనే కాల్విన్ బ్రిడ్జెస్ ఈగల్లో దీన్ని వివరించారు. మొదటి విభజనలో జరిగితే అండంలోకి జత మొత్తం వస్తుంది, 24 అవుతాయి. లేదా ఏదీ రాక 22 మిగులుతాయి. రెండో విభజనలో జరిగితే ఒకే క్రోమోజోమ్ తాలూకు రెండు కాపీలు వస్తాయి. బిడ్డలో సెంట్రోమియర్ పక్కనున్న డీఎన్‌ఏ గుర్తులు చూసి ఏ విభజనలో జరిగిందో చెప్పొచ్చు: తల్లి రెండు గుర్తులూ వస్తే మొదటిది, ఒకే గుర్తు రెండుసార్లు వస్తే రెండోది. అలా చూసినప్పుడు, డౌన్ సిండ్రోమ్‌లో అదనపు 21 పదింట తొమ్మిదిసార్లు తల్లి వైపు నుంచి వచ్చినదని, అందులోనూ ఎక్కువ భాగం మొదటి విభజనలో తప్పినదని తేలింది.

"తల్లి వైపు నుంచి" అనగానే మళ్ళీ నింద మొదలవుతుంది, కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా వినండి. ఆడపిల్ల తల్లి గర్భంలో ఉండగానే ఆమె అండాలన్నీ మొదటి విభజన మొదలుపెట్టేస్తాయి. అయిదో నెలకు ఆ పిండం అండాశయాల్లో 60, 70 లక్షల అండకణాలు ఉంటాయి. పుట్టేనాటికి 10 నుంచి 20 లక్షలు, రజస్వల అయ్యేనాటికి 3, 4 లక్షలు మిగులుతాయి. జీవితకాలంలో విడుదలయ్యేవి 400, 500. ఈ అండకణాలన్నిట్లోనూ క్రోమోజోములు జతకట్టి, వినిమయం పూర్తిచేసి, మొదటి విభజన మధ్యలో ఆగిపోయి ఉంటాయి. ఏ నెలలో ఏ అండం విడుదలవుతుందో, దానికి కొన్ని గంటల ముందు మాత్రమే ఆ విభజన ముగుస్తుంది. రెండోది శుక్రకణం చేరాక ముగుస్తుంది. మీరు ఏ అండం నుంచి పుట్టారో దానిలో విభజన మొదలైంది మీ అమ్మమ్మ గర్భంలో మీ అమ్మ ఉన్నప్పుడు.

కోహెసిన్ ఉంగరాలు అప్పుడు వేసినవే. తర్వాత వాటిని మార్చి కొత్తవి వేసే ఏర్పాటు దాదాపు లేదని ఎలుకల మీద ప్రయోగాల్లో తేలింది. 38 ఏళ్ళ మహిళ అండంలో ఆ ఉంగరాల వయసూ 38 దాటే ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అవి సడలి, జతలు, సోదర క్రోమాటిడ్లు ముందే విడిపోతాయి. దీనికి తోడు, మామూలు కణాల్లో పోగులకు కేంద్రంగా నిలిచే సెంట్రోసోములు అండంలో ఉండవు. పోగులు తమంతట తామే పోగై రెండు ధ్రువాలు ఏర్పరచుకోవాలి. మనిషి అండంలో అందుకు సుమారు 16 గంటలు పడుతుంది, మధ్యలో ధ్రువాలు చెదిరి మళ్ళీ కట్టుకోవడమూ కనిపిస్తుంది. అండం చాలా పెద్ద కణం కావడంతో చెక్‌పాయింట్ సంకేతం కూడా అంత బలంగా పనిచేయదు. వృషణాల్లో అలా కాదు. యుక్తవయసు నుంచి రోజూ కొత్త కణాలు విభజన మొదలుపెట్టి ఆగకుండా పూర్తిచేస్తాయి, లోపం ఉన్నవాటిలో చాలా భాగం అక్కడే నశిస్తాయి. ఇందులో తల్లి చేసినదీ, చేయనిదీ ఏమీ లేదు.

వయసును బట్టి డౌన్ సిండ్రోమ్ బిడ్డ పుట్టే అవకాశం సుమారుగా ఇలా ఉంటుంది: 20 ఏళ్ళకు 1500 కాన్పుల్లో ఒకటి, 30కి 900లో ఒకటి, 35కి 350లో ఒకటి, 40కి 100లో ఒకటి, 45కి 30లో ఒకటి. ఈ అంకెలు చూసి "35 దాటినవాళ్ళకే పరీక్ష" అనుకుంటే పొరపాటు. మన దగ్గర కాన్పుల్లో అత్యధికం 35 లోపు తల్లులవే. అందుకే డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో ఎక్కువమంది చిన్న వయసు తల్లులకు పుట్టినవాళ్ళే. స్క్రీనింగ్ గురించి, అంటే అవకాశం ఎంతో అంచనా వేసే పరీక్ష గురించి, ప్రతి గర్భిణికీ చెప్పాలి.

మరి 21, 18, 13 మాత్రమే ఎందుకు వింటాం? విభజన తప్పడం ఏ క్రోమోజోమ్‌కైనా జరుగుతుంది. ఈ మూడింటి మీద జన్యువులు తక్కువ కాబట్టి అదనంగా ఒకటున్నా బిడ్డ పుట్టేదాకా నిలవగలదు. రెండుకు బదులు మూడు కాపీలు ఉండటాన్ని ట్రైసోమీ అంటాం. గర్భస్రావాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే ట్రైసోమీ 16వ క్రోమోజోమ్‌ది. అన్ని కణాల్లోనూ అది ఉంటే బిడ్డ నెలలు నిండేదాకా నిలవడం ఉండదు. ఎక్స్ ఎన్ని ఉన్నా ఒకటి తప్ప మిగతావి చాలావరకు నిద్రపోతాయి, వై మీద జన్యువులు తక్కువ, అందుకే వాటి తేడాలతో మనుషులు బతుకుతారు. ఒకే ఎక్స్ ఉన్న గర్భాల్లో నూటికి 99 పోతాయి. మిగిలిన కొద్దిమందే టర్నర్ ఉన్న ఆడపిల్లలు. మొదటి మూడు నెలల్లో జరిగే గర్భస్రావాల్లో దాదాపు సగానికి కారణం క్రోమోజోమ్ లోపమే. బిందె ఎత్తిందనో, మెట్లెక్కిందనో అన్న మాట ఇకనైనా మానేయాలి.

మొత్తం సెట్టే అదనంగా వస్తే ట్రిప్లాయిడీ, 69 క్రోమోజోములు. చాలాసార్లు ఒకే అండంలోకి రెండు శుక్రకణాలు చేరడం వల్ల వస్తుంది, మనిషిలో నిలవదు. మొక్కల్లో నిలుస్తుంది. మనం తినే కర్పూర చక్కెరకేళి, అమృతపాణి రెండూ ట్రిప్లాయిడ్లే, 33 క్రోమోజోములు. మూడేసి ఉన్నవి రెండుగా సమంగా విడిపోలేవు కాబట్టి గింజ కట్టదు. పండును అడ్డంగా కోసి చూడండి, మధ్యలో సన్నటి నల్ల చుక్కలు కనిపిస్తాయి. అవి గింజలు కాలేకపోయిన అండాలు. పిల్లలకు మియోసిస్ చెప్పేటప్పుడు ఇది చేతికిచ్చి చూపించండి.

ఇప్పుడు మొదట్లో అన్న మాటకు వస్తాను. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో 95 శాతం మందికి విడిగా మూడో 21 ఉంటుంది. రిపోర్టులో "47, ఎక్స్‌వై, +21" అని రాస్తారు. ఒకటి రెండు శాతం మంది మొజాయిక్, అంటే పిండం ఏర్పడ్డాక మామూలు విభజనలో తేడా వచ్చి, కొన్ని కణాల్లో 46, కొన్నిట్లో 47 ఉంటాయి. మూడు నాలుగు శాతం మందిలో మాత్రం లెక్క 46 అనే వస్తుంది. అదనపు 21 వేరే క్రోమోజోమ్‌కు, ఎక్కువగా 14కు, అతుక్కుని ఉంటుంది. దీన్ని రాబర్ట్‌సోనియన్ ట్రాన్స్‌లొకేషన్ అంటారు. ముగ్గురు పిల్లలనూ పక్కపక్కన నిలబెడితే చూపుతో తేడా చెప్పలేం. కుటుంబానికి మాత్రం తేడా చాలా పెద్దది.

విడి ట్రైసోమీ అయితే మళ్ళీ వచ్చే అవకాశం సుమారు ఒక శాతం, తల్లి వయసు ఎక్కువైతే ఆ వయసుకు ఉండే అంకె. తల్లిదండ్రులకు క్యారియోటైప్ అవసరమే లేదు. ట్రాన్స్‌లొకేషన్ అయితే ఇద్దరికీ తప్పకుండా చేయాలి. ఎవరిలోనైనా 14, 21 అతుక్కుని 45 క్రోమోజోములు ఉండొచ్చు. ఇలాంటివాళ్ళను క్యారియర్లు అంటాం. వాళ్ళకు ఏ జబ్బూ ఉండదు, ఎందుకంటే ముఖ్యమైన పదార్థమేదీ తగ్గలేదు. వాళ్ళ అండంలో, శుక్రకణంలో పంపకం మాత్రం తప్పవచ్చు. తల్లి క్యారియర్ అయితే మళ్ళీ వచ్చే అవకాశం 10 నుంచి 15 శాతం, తండ్రి అయితే ఒక శాతం దరిదాపు. 21కి 21 అతుక్కున్న క్యారియర్ అయితే పుట్టే ప్రతి బిడ్డకూ డౌన్ సిండ్రోమే. ఒక శాతం ఎక్కడ, నూరు శాతం ఎక్కడ! అందుకే కాగితం చూడకుండా ధైర్యమూ చెప్పకూడదు, భయమూ పెట్టకూడదు.

టెక్నీషియన్ల కోసం పరీక్ష గురించి వివరంగా చెప్తాను. రక్తం 2, 3 మిల్లీలీటర్లు, సోడియం హెపారిన్ ట్యూబులోనే తీయాలి. ఊదా మూత ఈడీటీఏ ట్యూబు పనికిరాదు, అందులో కణాలు పెరగవు. తీయగానే ట్యూబును నెమ్మదిగా తిప్పి కలపాలి, గడ్డ కడితే వృథా. గడ్డకట్టే చలిలో పెట్టకూడదు, మే నెల ఎండలో బండి డిక్కీలోనూ పెట్టకూడదు. కణాలు బతికి ఉండాలి, ఈ పరీక్షకు అదే ప్రాణం.

ఆర్‌పీఎంఐ 1640 మీడియం 5 మిల్లీలీటర్లలో అర మిల్లీలీటరు రక్తం, సీరం, పీహెచ్‌ఏ వేసి 37 డిగ్రీల దగ్గర 72 గంటలు ఉంచుతాం. పీహెచ్‌ఏ లేకపోతే లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు విభజన మొదలుపెట్టవు. చివర్లో అరగంట, ముప్పావు గంట కాల్సెమిడ్. అది కండె పోగులను కట్టనివ్వదు, కణాలు క్రోమోజోములు స్పష్టంగా కనిపించే దశలో ఆగుతాయి. ఎక్కువసేపు ఉంచితే క్రోమోజోములు మరీ కుదించుకుపోయి చారలు కనపడవు. తర్వాత 0.075 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో 15, 20 నిమిషాలు. తక్కువైతే చిక్కు విడదు. ఎక్కువైతే కణం పగిలి ఒకటి రెండు క్రోమోజోములు పక్కకు పోయి, లేని 45 కనిపిస్తుంది. ఆపైన మూడు పాళ్ళు మిథనాల్, ఒక పాలు అసిటిక్ ఆమ్లం కలిపిన ఫిక్సేటివ్, అప్పటికప్పుడు కలిపింది. మొదటి చుక్కలు నెమ్మదిగా, ట్యూబు కలుపుతూ వేయాలి, లేకపోతే కణాలు ముద్దకడతాయి. స్లయిడు ఆరాక ట్రిప్సిన్ కొద్ది సెకన్లు, ఆపైన జీమ్సా రంగు. కనీసం 20 కణాలు లెక్కించాలి. ఒకే కణంలో ఒక క్రోమోజోమ్ తక్కువగా ఉంటే అది స్లయిడు లోపమే కావచ్చు. మొజాయిక్ అనుమానం ఉంటే 30, 50 దాకా చూడాలి.

గర్భంలో ఉండగా చేసే పరీక్షల గురించి క్లుప్తంగా చెప్తాను. 11 నుంచి 14 వారాల మధ్య మెడ వెనక నీటిపొర కొలత, రెండు రక్త పరీక్షలు కలిపి చేసేది స్క్రీనింగ్. పదో వారం నుంచి తల్లి రక్తంలో తేలే డీఎన్‌ఏ చూసి చేసే ఎన్‌ఐపీటీ 21వ క్రోమోజోమ్ విషయంలో చాలా నమ్మకమైనదే, అయినా అదీ స్క్రీనింగే. తల్లి రక్తంలో దొరికే ఆ డీఎన్‌ఏ వచ్చేది మాయ నుంచి. మాయలో 47 ఉండి బిడ్డలో 46 ఉండటం అరుదుగా జరుగుతుంది. కాబట్టి పాజిటివ్ వచ్చిందని వెంటనే గర్భం తీయించుకోకూడదు. ఉమ్మనీటి పరీక్షతో, అంటే 15 వారాలు దాటాక చేసే ఆమ్నియోసెంటెసిస్‌తో, నిర్ధారించాలి. ఈ పరీక్షలన్నిట్లోనూ బిడ్డ ఆడా మగా అన్నది చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం.

ఇక మీ ప్రశ్నలు.

ప్రశ్న: మేనరికానికి అసలు సంబంధమే లేదంటారా?

జవాబు: నాన్‌డిస్‌జంక్షన్‌కు లేదండి. మేనరికంలో ఇద్దరికీ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన లోపభూయిష్ట జన్యువు బిడ్డలో కలిసే అవకాశం పెరుగుతుంది. అది జన్యువు స్థాయి సంగతి. కొన్ని పుట్టు చెవుడులు, జీవక్రియ జబ్బులు అలా వస్తాయి, ఆ జాగ్రత్త అవసరమే. క్రోమోజోము విడిపోకపోవడం మాత్రం ఏ సంబంధం చేసుకున్నవాళ్ళలోనైనా జరుగుతుంది.

ప్రశ్న: ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే రాకుండా ఉంటుందా?

జవాబు: ఫోలిక్ యాసిడ్ వెన్నుపాము, మెదడు లోపాలను తగ్గిస్తుంది. గర్భం రాకముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోమని చెప్పండి. ట్రైసోమీని అది ఆపుతుందని రుజువు కాలేదు. ఆపుతుందని అమ్మే పొడులను కొనొద్దు.

ప్రశ్న: మా అక్క కొడుక్కి 14 ఏళ్ళు. డౌన్ సిండ్రోమ్ అని చిన్నప్పుడే చెప్పారు, క్యారియోటైప్ చేయలేదు. ఇప్పుడు చేయించి లాభమేముంది? అక్క ఇక పిల్లలు వద్దనుకుంది.

జవాబు: లాభం మీకు. ఆ అబ్బాయి రిపోర్టులో విడి ట్రైసోమీ అని వస్తే మీకు అదనంగా చేయాల్సిన క్రోమోజోమ్ పరీక్ష ఏమీ లేదు. ట్రాన్స్‌లొకేషన్ అని వస్తే ముందు అక్కకు, బావగారికి చేయాలి. అక్క క్యారియర్ అని తేలితే మీకు, మీ అన్నదమ్ములకు, ఆ అబ్బాయి తోబుట్టువులకు పెళ్ళి ఈడు వచ్చాక చేయాలి. బావగారైతే ఆయన వైపు వాళ్ళకు, ఆ అబ్బాయి తోబుట్టువులకు. ఇద్దరిలో ఎవరికీ లేకపోతే అది ఆ బిడ్డలో కొత్తగా వచ్చినది, అక్కడితో ఆగుతుంది. వయసు ఎంతైనా క్రోమోజోములు మారవు, కాబట్టి ఆలస్యమైందని వదిలేయకండి. హైదరాబాద్‌లో బేగంపేట జెనెటిక్స్ ఆసుపత్రిలో, నిమ్స్‌లో జెనెటిక్స్ విభాగాలున్నాయి. వెళ్ళేటప్పుడు అబ్బాయిని వెంట తీసుకెళ్ళండి, ముందు కావాల్సింది అతని రక్తం. ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి థైరాయిడ్ పరీక్ష కూడా అదే రోజు చేయించండి. ఈ పిల్లలకు అది ఏటా చేయాల్సిందే.